"రిపోర్టులన్నీ నార్మలే, టెన్షన్ తగ్గించుకోండి" – సరే, ఎలా తగ్గించుకోవాలి?

రిపోర్టులు తిరగేసి డాక్టర్ చెప్పే ఈ మాట దాదాపు అందరం ఎప్పుడో ఒకసారి వినే ఉంటాం, "అన్నీ బాగానే ఉన్నాయండీ, కొంచెం టెన్షన్ తగ్గించుకోండి చాలు" అని. టాబ్లెట్ అయితే పొద్దున ఒకటి రాత్రి ఒకటి అని చీటీ మీద రాసిస్తారు, ఈ టెన్షన్ తగ్గించుకోవడం అనేదాన్ని మాత్రం ఎన్ని పూటలు వేసుకోవాలో, ఎంత డోసో, తిన్నాకో తినకముందో ఎవరూ రాసివ్వరు. బయటికొచ్చాక మనకేమో ఒకటే గుబులు, అంటే ఏంటి, నాకు నొప్పి లేదంటున్నాడా, నేనేమైనా నాటకాలాడుతున్నానా?

ఇంటికొచ్చి నెట్‌లో వెతికితే రెండు బ్యాచ్‌లు కనిపిస్తాయి. ఒక బ్యాచ్ ధ్యానం చేస్తే కాన్సర్ కూడా పోతుందంటుంది, ఇంకో బ్యాచ్ ఇదంతా పనీపాటా లేనోళ్ళ కాలక్షేపం అంటుంది. నేను ఈ రెండిటి మధ్య చాలా రోజులు ఊగిసలాడి చివరికి ఒకటే ప్రశ్న పట్టుకున్నా – ధ్యానం, ఊపిరి ఎక్సర్‌సైజ్, థెరపీ లాంటి మనసు ద్వారా చేసే చికిత్సల్లో ఫలానా పద్ధతి పనిచేస్తుందా లేదా అని కాదు, పనిచేస్తే శరీరంలో ఎక్కడ పట్టుకుని పనిచేస్తోంది? ఈ ఒక్క ప్రశ్న దగ్గర పెట్టుకుంటే చాలావరకు చిక్కుముడి దానంతటదే విడిపోతుంది.

మన భాషకి ఈ సంగతి ముందునుంచీ తెలుసనిపిస్తుంది నాకు. భయమేస్తే గుండె గుభేలుమంటుంది, గొంతు తడారిపోతుంది, కాళ్ళూ చేతులూ చల్లబడతాయి, కడుపులో దేవినట్టుంటుంది, ఒళ్ళు జలదరిస్తుంది. ఇవేవీ అలంకారం కోసం పుట్టిన మాటలు కావు, ఒక్కోదాని వెనక ఒక్కో నరం ఉంది. ప్రమాదం అని మెదడు అనుకోగానే సింపథెటిక్ నాడులు లేచి ఎడ్రినలిన్ వదిలిస్తాయి, గుండె స్పీడ్ పెరుగుతుంది, లాలాజలం తగ్గుతుంది (అదే తడారిన గొంతు), చర్మం దగ్గరి రక్తనాళాలు ముడుచుకుని రక్తం పెద్ద కండరాలకి మళ్ళుతుంది (చల్లబడ్డ చేతులు), అరుగుదల పని పక్కన పడేస్తుంది (కడుపులో దేవడం), వెంట్రుకల మొదట్లో ఉండే బుల్లి కండరాలు బిగుసుకుంటాయి (జలదరింపు). అమెరికన్ ఫిజియాలజిస్ట్ వాల్టర్ కానన్ 1915లో దీన్ని పోరాడ్డమా పారిపోవడమా అనే రియాక్షన్‌గా వివరించాడు. దీని వెనకే కాస్త నెమ్మదిగా ఇంకో లైను నడుస్తుంది, మెదడులోని హైపోథాలమస్ అనే భాగం పిట్యూటరీ గ్రంథికి చెప్తుంది, పిట్యూటరీ కిడ్నీల మీద టోపీల్లా కూర్చున్న ఎడ్రినల్ గ్రంథులకి చెప్తుంది, అవి కార్టిసాల్ అనే స్ట్రెస్ హార్మోన్ వదుల్తాయి.

ఈ ఏర్పాటులో తప్పేం లేదు, నిజంగా ప్రమాదం వచ్చినప్పుడు ఇదే కాపాడుతుంది. తంటా ఏంటంటే ఈ అలారానికి జరుగుతున్న దానికీ, రాత్రి రెండింటికి మంచం మీద పడుకుని మనం మళ్ళీ మళ్ళీ తలుచుకునే దానికీ పెద్ద తేడా తెలీదు, రెండిటికీ మోగుతుంది. మోగి ఆగిపోతే పర్లేదు, నెలల తరబడి సన్నగా మోగుతూనే ఉంటే బీపీ, షుగర్, నిద్ర, ఇమ్యూనిటీ అన్నిటి మీదా ఆ అరుగుడు పడుతుంది. బ్రూస్ మెక్యూవెన్ అనే శాస్త్రవేత్త 1993లో ఈ అరుగుదలకి ఎలోస్టాటిక్ లోడ్ అని పేరు పెట్టాడు, అంటే శరీరం సర్దుకుని సర్దుకుని మోసే బరువు అన్నమాట.

ఊపిరి ఒక్కటే మన చేతిలో ఉన్న తలుపు

గుండెని "కొంచెం నెమ్మదించమ్మా" అంటే వినదు. పేగుల్ని బతిమాలినా వినవు. వాటంతట అవి నడిచే వ్యవస్థలో మన మాట కూడా వినేది ఊపిరి ఒక్కటే, మర్చిపోతే తనే నడుస్తుంది, పట్టించుకుంటే మన చేతికొస్తుంది. అందుకే ఏ దేశంలో ఏ మతంలో పుట్టిన పద్ధతి చూసినా ఎక్కడో ఒకచోట ఊపిరి దగ్గరికే వచ్చి ఆగుతుంది.

ఎలా పనిచేస్తుందో ఇప్పుడే చూసుకోవచ్చు, మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నిదానంగా ఊపిరి పీల్చి వదలండి, పీల్చేటప్పుడు కాస్త జోరుగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది (కొంతమందికి బాగా తెలుస్తుంది, వయసు మీదపడితే ఈ తేడా తగ్గుతుంది, తెలియకపోతే కంగారు పడొద్దు). వేగస్ అనే పొడుగాటి నరం గుండెకి బ్రేకులాంటిది, ఊపిరి వదిలేటప్పుడు ఆ బ్రేకు పడుతుంది. మామూలుగా మనం నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాం. దాన్ని ఆరు దగ్గరికి తెస్తే ఊపిరీ, గుండె వేగమూ, బీపీని సరిచేసే రిఫ్లెక్సూ ఒకే తాళంలో పడతాయి, ఆ బ్రేకు బలంగా పట్టుకుంటుంది.

దీని మీద నాకు భలే నచ్చిన స్టడీ ఒకటుంది, 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. లూసియానో బెర్నార్డీ అనే ఇటలీ డాక్టరూ ఆయన టీమూ 23 మందితో లాటిన్‌లో రోజరీ ప్రార్థన (కాథలిక్కులు పూసలు తిప్పుతూ చేసే జపం) చదివించారు, "ఓం మణి పద్మే హుం" అనే మంత్రం కూడా జపం చేయించారు. రెండిట్లోనూ ఊపిరి దానంతటదే నిమిషానికి ఆరు దగ్గరికి వచ్చి నిలబడింది. ఎక్కడి రోజరీ ఎక్కడి మంత్రం, వీటిని కట్టినవాళ్ళెవరూ స్టాప్‌వాచ్ పట్టుకుని లెక్కలేసి ఉండరు.

కండరాల్ని ఒక్కోటీ గట్టిగా బిగించి వదిలేసే ప్రోగ్రెసివ్ రిలాక్సేషన్ కూడా ఈ కోవదే, ఎడ్మండ్ జేకబ్సన్ 1929లోనే దాని మీద పుస్తకం రాశాడు. హార్వర్డ్‌లో హెర్బర్ట్ బెన్సన్ 1970ల్లో ధ్యానం చేసేవాళ్ళని పరిశీలించి, పోరాడే రియాక్షన్‌కి వ్యతిరేక దిశలో పనిచేసే విశ్రాంతి రియాక్షన్ కూడా ఒంట్లోనే ఉందని చెప్పాడు. ఇక్కడ ఎక్కువసేపు ఆగక్కర్లేదు, ఇవన్నీ అలారం సౌండ్ తగ్గించే పనులు. అలారం ఎందుకు మోగుతోందో వీటికి తెలీదు.

స్ట్రెస్ నిజంగా ఒంటిని పాడుచేస్తుందా, లేక ఊరికే అంటారా

చేస్తుంది, కాకపోతే అన్నిటికీ దాన్నే అంటగట్టకూడదు. షెల్డన్ కోహెన్ టీమ్ 1991లో ఒక పని చేసింది, 394 మంది ఆరోగ్యవంతుల ముక్కుల్లో జలుబు వైరస్‌ల చుక్కలు వేసి విడిగా ఉంచి చూశారు (ఒప్పుకునే వచ్చారులెండి, ఎవర్నీ మోసం చెయ్యలేదు). అందరికీ వైరస్ అందింది, కానీ ముందు నుంచీ స్ట్రెస్ ఎక్కువున్నవాళ్ళకి జలుబు పట్టుకోవడం ఎక్కువ, స్ట్రెస్ మెట్టు పెరిగేకొద్దీ జలుబు ఛాన్సూ పెరిగింది. 1995లో జానిస్ కీకోల్ట్-గ్లేసర్ వాళ్ళు డిమెన్షియా (ముదిరిపోయే మతిమరుపు జబ్బు) ఉన్న బంధువుల్ని చూసుకునే ఆడవాళ్ళ చేతికి చిన్న గాయం చేసి మానడానికి ఎన్నాళ్ళు పడుతుందో లెక్కపెట్టారు, అలాంటి బాధ్యత లేనివాళ్ళకంటే సుమారు తొమ్మిది రోజులు ఎక్కువ పట్టింది. గ్రూపుకి 13 మందే, చిన్న స్టడీ అని గుర్తుపెట్టుకోవాలి, అయినా రోగికి సేవ చేసేవాళ్ళ అలసట వాళ్ళ చర్మం దాకా వెళ్తుందనే విషయం చదివాక నాకు చాలాసేపు మనసు మనసులో లేదు.

ఇక రెండో వైపు. కడుపులో అల్సర్ వస్తే చాలా ఏళ్ళు "టెన్షన్ మనిషి కదా, అందుకే" అనేవాళ్ళు. 1980ల మొదట్లో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా డాక్టర్లు వచ్చి కాదు, హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా అన్నారు, మార్షల్ అయితే ఎవరూ నమ్మట్లేదని ఆ బాక్టీరియాని తనే తాగేసి కడుపు పాడుచేసుకున్నాడు, 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. యాంటీబయాటిక్స్‌తో తగ్గే జబ్బుకి అన్నాళ్ళూ ఎంతమంది తమ కోపాన్నీ తమ స్వభావాన్నీ తిట్టుకుని ఉంటారో. "అంతా టెన్షనే" అనే మాట తేలిగ్గా అనేస్తే జరిగే నష్టం ఇది.

ఈ మొత్తం విషయంలో నాకు కీలకం అనిపించిన ప్రయోగం

ఆస్తమా ఉన్న 46 మందితో మొదలుపెట్టిన ఒక ప్రయోగం ఫలితాలు 2011లో వచ్చాయి. ఒక్కొక్కరికీ వేరేవేరే రోజుల్లో నాలుగూ ఇచ్చారు – అసలు మందున్న ఇన్‌హేలర్, మందు లేని ఉత్తుత్తి ఇన్‌హేలర్, ఉత్తుత్తి ఆక్యుపంక్చర్, ఇంకోటి ఏమీ ఇవ్వకుండా ఊరికే కూర్చోబెట్టడం. తర్వాత "ఎలా ఉంది?" అని అడిగితే అసలు మందుకి సుమారు 50 శాతం మెరుగు అన్నారు, ఉత్తుత్తి ఇన్‌హేలర్‌కి 45, ఉత్తుత్తి సూదులకి 46, ఏమీ ఇవ్వనప్పుడు 21. అంటే మందుకీ ఉత్తుత్తికీ తేడా లేనట్టే. కానీ మిషన్‌తో ఊపిరితిత్తుల కెపాసిటీ కొలిస్తే అసలు మందుకి 20 శాతం పెరిగింది, మిగతా మూడిట్లోనూ పెరిగింది సుమారు ఏడు శాతమే.

ఒకసారి ఆగి ఆలోచించాల్సిన సంగతి ఇది. వాళ్ళు అబద్ధం చెప్పలేదు, ఆయాసం నిజంగానే తగ్గినట్టు అనిపించింది. శ్వాసనాళాలు మాత్రం అలాగే మూసుకుని ఉన్నాయి. జబ్బు వేరు, జబ్బు వల్ల మనం పడే బాధ వేరు, రెండూ నిజమే, రెండిటికీ మందులు వేరు. మనసు ద్వారా చేసే చికిత్సలు ఎక్కువగా రెండో దాని మీద పనిచేస్తాయి. కాబట్టి ఎక్కడైతే బాధే జబ్బులో పెద్ద భాగమో, అంటే దీర్ఘకాలిక నొప్పి, నిద్రలేమి, పానిక్, ఐబీఎస్ (పేగుల్లో లోపమేమీ కనపడకుండానే కడుపునొప్పి, విరేచనాల తేడా ఉండే సమస్య), డిప్రెషన్ లాంటివి, అక్కడ ఇవి బాగా అక్కరకొస్తాయి. ఎక్కడైతే కణాల్లోనో నాళాల్లోనో నడిచే పని బాధతో సంబంధం లేకుండా ముదురుతూ పోతుందో అక్కడ ఇవి తోడుగా ఉండాలి తప్ప అసలు మందు స్థానంలో కూర్చోకూడదు. ఆస్తమా ఎటాక్‌లో బాగుంది అనిపించి ఇన్‌హేలర్ పక్కన పడేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

నొప్పి దగ్గర కాసేపు ఆగుదాం, అసలు కథంతా ఇక్కడే ఉంది. దెబ్బ తగిలిన చోటి నుంచి తీగ మీద కరెంటులా నొప్పి మెదడుకి చేరుతుందని మనందరి నమ్మకం. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వెన్నుపాములో ఒక గేటు ఉందని, కింద నుంచొచ్చే సిగ్నల్‌ని ఎంత లోపలికి వదలాలో పై నుంచి మెదడు కూడా చెప్తుందని ప్రతిపాదించారు. వివరాలు తర్వాత మారాయి గానీ అసలు పాయింట్ నిలబడింది. 1978లో పళ్ళు తీయించుకున్నవాళ్ళ మీద ఇంకో ప్రయోగం చేశారు, ఉత్తుత్తి మందుతో నొప్పి తగ్గినవాళ్ళకి నాలాక్సోన్ ఇస్తే (మార్ఫిన్ లాంటి మందుల పనిని ఆపేసే మందు అది) ఆ ఉపశమనం కాస్తా పోయింది. అంటే తగ్గుతుందనే ఎదురుచూపుకి శరీరం తన సొంత మార్ఫిన్ లాంటివి వదిలిందన్నమాట. నమ్మకం అనేది గాల్లో మాట కాదు, దానికి కెమిస్ట్రీ ఉంది.

ఇప్పుడు మూడు నెలలు దాటిన నడుంనొప్పి తీసుకోండి. మొదట్లో కండరం పట్టేసి ఉంటుంది, అది మానిపోయి ఉండొచ్చు కూడా, కానీ ఈలోపు నాడీవ్యవస్థ నొప్పిని కాపలా కాయడం నేర్చేసుకుంది, చిన్న కదలికకి కూడా అలారం కొడుతుంది. మనిషి భయపడి వంగడం మానేస్తాడు, నడక తగ్గిస్తాడు, కండరాలు బలహీనపడతాయి, దాంతో ఈసారి వంగితే ఇంకా నొప్పి, చూశావా నా నడుం పాడైపోయింది అని ఇంకా భయం. ఈ గిరగిర చక్రంలో మందుబిళ్ళ ఒక్క చోటే తగుల్తుంది, అందుకే వేసుకున్నంతసేపే. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అందరూ సీబీటీ అంటారు, మిగతా చోట్ల పట్టుకుంటుంది – నొప్పి అంటే డామేజ్ అనే లెక్కని సరిచేస్తుంది, కదలికల్ని కొద్దికొద్దిగా మళ్ళీ మొదలుపెట్టిస్తుంది, బాగున్న రోజు ఒళ్ళు హూనం చేసుకుని తర్వాత మూడు రోజులు మంచం ఎక్కే అలవాటు మాన్పిస్తుంది. నిజాయితీగా చెప్పాలంటే, స్టడీలన్నీ కలిపి చూస్తే నొప్పి మీద సీబీటీ సగటు ప్రభావం చిన్నదే. కానీ ఇది సగటు లెక్క, కొంతమందికి చాలా, కొంతమందికి ఏమీ లేకుండా.

2022లో వచ్చిన ఒక స్టడీ మాత్రం కాస్త ఆశ్చర్యపరిచింది. పెయిన్ రీప్రాసెసింగ్ థెరపీ అని, నీ నడుంకి ప్రమాదం లేదు, నొప్పి మెదడు కొడుతున్న తప్పుడు అలారం అని నేర్పించడం, నొప్పి వచ్చినప్పుడు భయం లేకుండా దాన్ని గమనించడం. 151 మందిలో ఈ థెరపీ తీసుకున్నవాళ్ళలో 66 శాతం మందికి నాలుగు వారాల తర్వాత నొప్పి పోయింది లేదా పోయినట్టే అయ్యింది, ప్లాసిబో, అంటే ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళలో 20, మామూలు ట్రీట్‌మెంట్‌లో 10. ఇవి తక్కువ నుంచి మధ్యరకం నొప్పి ఉన్నవాళ్ళ లెక్కలు, ఒక్క స్టడీ, కాబట్టి ఎగిరి గంతేయకూడదు. పైగా నడుంనొప్పితో పాటు జ్వరం, బరువు తగ్గడం, కాలు పట్టు తప్పడం, యూరిన్ మీద కంట్రోల్ పోవడం ఉంటే ఇదంతా పక్కన పెట్టి వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి, అవి తప్పుడు అలారాలు కావు.

నిద్ర గురించి నా సొంత గోల కొంచెం చెప్పుకుంటా. రెండేళ్ళ పాటు నాకు నిద్ర సరిగ్గా లేదు, ఎవర్నడిగినా అదే లిస్టు – కాఫీ మానెయ్, ఫోన్ పక్కన పెట్టు, తొందరగా పడుకో. ఈ మూడోదే కొంప ముంచింది. పదికే మంచమెక్కి ఒంటిగంట దాకా దొర్లేవాణ్ణి, పొద్దున ఇంకాసేపు పడుకుని కవర్ చేసుకునేవాణ్ణి. మంచం అంటే నిద్రపోయే చోటు కాస్తా దిగులుపడే చోటుగా మారిపోయింది, సోఫాలో కునుకు పట్టేది, మంచం మీదికి వెళ్ళగానే కళ్ళు గుడ్లగూబలా తెరుచుకునేవి. నిద్రలేమికి వాడే సీబీటీ మొత్తం ఈ పాయింట్ మీదే నడుస్తుంది. రిచర్డ్ బూట్‌జిన్ అనే సైకాలజిస్ట్ 1972లో చెప్పిన రూల్ ఏంటంటే నిద్ర ముంచుకొచ్చినప్పుడే మంచమెక్కు, కాసేపటికి పట్టకపోతే లేచి వేరే గదికి వెళ్ళిపో, మళ్ళీ నిద్రొస్తేనే రా, పొద్దున మాత్రం రోజూ ఒకే టైముకి లేచిపో. దీనికి ఆర్థర్ స్పీల్‌మన్ ఇంకోటి కలిపాడు, వినడానికి క్రూరంగా ఉంటుంది: నువ్వు నిజంగా నిద్రపోయేది ఐదున్నర గంటలైతే మంచం మీద ఉండేది కూడా ఐదున్నర గంటలే, ఎనిమిది కాదు. నిద్ర ఆకలి బాగా పెరిగి, పడుకున్న టైములో 85 శాతం పైగా నిద్రపోతుంటే అప్పుడు పావుగంట చొప్పున పెంచుకుంటూ పోవాలి.

మొదటి వారం నరకం. పగలు తూగుతూ తిరిగా, ఇంట్లోవాళ్ళ మీద విసుక్కున్నా. రెండో వారం చివర్లో మంచమెక్కిన పది నిమిషాలకి నిద్రపోయా, పొద్దున లేచి నమ్మలేకపోయా. నా ఒక్కడి మాట పట్టుకోకండి, 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ దీర్ఘకాలిక నిద్రలేమికి నిద్రమాత్రల కంటే ముందు ఇదే ఇవ్వాలని గైడ్‌లైన్ ఇచ్చింది. కాకపోతే మూర్ఛ, బైపోలార్ (మూడ్ మరీ పైకీ మరీ కిందికీ ఊగే జబ్బు) ఉన్నవాళ్ళు, రాత్రిళ్ళు బండి నడిపే ఉద్యోగాలవాళ్ళు సొంతంగా నిద్ర కోసుకోకూడదు, వాళ్ళకి నిద్ర తగ్గడమే ప్రమాదం.

సీబీటీ అనేది అసలు డిప్రెషన్ దగ్గర మొదలైంది. ఆరన్ బెక్ ముందు ఫ్రాయిడ్ దారిలో సైకోఎనాలిసిస్ నేర్చుకున్న మనిషే, 1960ల్లో పేషెంట్ల మాటలు వింటూ వింటూ వాళ్ళ తలలో క్షణంలో వచ్చిపోయే ఆలోచనలు గమనించాడు, "నావల్ల ఏదీ కాదు", "ఎవరికీ నేనక్కర్లేదు" లాంటివి, అవి ఎంత మామూలుగా వస్తాయంటే మనిషి వాటిని ఆలోచనలు అనుకోడు, నిజాలనే అనుకుంటాడు. బెక్ చేసిందల్లా వాటిని బోనులో నిలబెట్టి సాక్ష్యం అడగడం. చాలామంది దీన్ని పాజిటివ్ థింకింగ్ అనుకుంటారు, అస్సలు కాదు. "నేను సూపర్" అని అద్దంలో చెప్పుకోవడం ఇందులో లేదు.

పానిక్ ఎటాక్‌కి చేసే ట్రీట్‌మెంట్ చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. గుండె ఒకసారి దడదడలాడుతుంది, మెట్లెక్కడం వల్ల కావొచ్చు, మనిషి హార్ట్ ఎటాక్ అనుకుంటాడు, ఆ భయానికి ఎడ్రినలిన్, ఎడ్రినలిన్‌కి ఇంకా దడ, చూశావా నిజమే అని ఇంకా భయం. ముందు గుండె చెక్ చేయించుకుని అది బాగుందని తేలాక, థెరపిస్ట్ ఊపిరి నిదానంగా తీసుకోమని ఊరుకోడు, కావాలని దడ పుట్టిస్తాడు! ఉన్నచోటే పరుగెత్తిస్తాడు, కుర్చీలో గిరగిరా తిప్పుతాడు, సన్నటి స్ట్రాలోంచి ఊపిరి పీల్పిస్తాడు. దడ వచ్చింది, చావు రాలేదు, మళ్ళీ వచ్చింది, మళ్ళీ రాలేదు. పదిసార్లు అయ్యేసరికి మెదడు తన లెక్క తనే దిద్దుకుంటుంది. ఇక్కడో విచిత్రం, రిలాక్సేషన్ టెక్నిక్‌లు కొన్నిసార్లు అడ్డం పడతాయి, ఊపిరి ఎక్సర్‌సైజ్ చేశా కాబట్టి బతికిపోయా అని మనిషి అనుకుంటే భయం లోపల అలాగే ఉండిపోతుంది.

ధ్యానం సంగతికొస్తే, ఆసుపత్రుల్లోకి అది వచ్చింది 1979లో, జాన్ కబాట్-జిన్ మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణంలో జరిగేదాన్ని మంచీచెడూ తేల్చకుండా గమనించడం) మీద ఎనిమిది వారాల కోర్సు పెట్టాడు, మందులతో పెద్దగా తగ్గని నొప్పులవాళ్ళే మొదట్లో ఎక్కువ వచ్చారు. 2014లో 47 ట్రయల్స్, 3515 మంది లెక్కలు కలిపి చూస్తే యాంగ్జైటీ, డిప్రెషన్, నొప్పి మూడిటికీ ఓ మోస్తరు ఫలితం కనిపించింది, కానీ ఎక్సర్‌సైజ్ కంటేనో, మందుల కంటేనో, వేరే థెరపీల కంటేనో గొప్పదని మాత్రం తేలలేదు. యాంగ్జైటీ డిజార్డర్లు ఉన్న 276 మందిని తీసుకుని సగం మందికి ఎనిమిది వారాల ధ్యానం కోర్సు, సగం మందికి ఎస్సిటాలోప్రామ్ అనే మందు ఇస్తే దాదాపు సమానంగా తగ్గిందని 2023లో ఒక స్టడీ వచ్చింది. అయితే ఆ ధ్యానం అంటే రోజుకి ముప్పావుగంట సాధన ప్లస్ వారానికి రెండున్నర గంటల క్లాసు, యాప్ పెట్టుకుని లిఫ్ట్‌లో రెండు నిమిషాలు కళ్ళు మూసుకోవడం కాదు. ఐబీఎస్‌కి హిప్నోథెరపీ (హిప్నాటిజంతో చేసే చికిత్స) కూడా ఉంది, పీటర్ వార్‌వెల్ 1984లో మొండి కేసులు 30 మందిలో సగం మందికి చేసి బాగా పనిచేసిందన్నాడు, బ్రిటన్‌లో అధికారిక గైడ్‌లైన్ కూడా మందులతో ఏడాదైనా తగ్గనివాళ్ళకి దీన్ని ఆలోచించమంటుంది. పేగుకీ మెదడుకీ మధ్య అన్ని నరాలు తిరుగుతుంటే పనిచెయ్యకపోతేనే ఆశ్చర్యపోవాలి.

ఎక్కడ పని చెయ్యవు

1989లో డేవిడ్ స్పీగెల్ వాళ్ళు ముదిరిన రొమ్ము కాన్సర్ ఉన్న 86 మంది ఆడవాళ్ళ వివరాలు ప్రచురించారు, గ్రూప్ థెరపీకి వెళ్ళినవాళ్ళు సగటున 36.6 నెలలు బతికారు, వెళ్ళనివాళ్ళు 18.9. ప్రపంచమంతా ఊగిపోయింది, మనసుంటే మార్గం ఉంది అని. 2001లో 235 మందితో అదే పద్ధతి మళ్ళీ చేశారు, ఆయుష్షులో తేడా రాలేదు. 2007లో స్పీగెల్ తనే మళ్ళీ చేశాడు, మొత్తం మీద తేడా రాలేదు, రాలేదనే ప్రచురించాడు, ఆ నిజాయితీకి దండం పెట్టాలి. అయితే 2001 స్టడీలో థెరపీకి వెళ్ళినవాళ్ళకి నొప్పి తక్కువ, మనసు కుదురు ఎక్కువ. మళ్ళీ ఆస్తమా కథే, బాధ తగ్గింది, కణితి తన దారిన తాను పోయింది. 2003లో గుండెపోటు వచ్చిన 2481 మందితో చేసిన ఎన్‌రిచ్డ్ అనే ట్రయల్‌లోనూ సీబీటీతో డిప్రెషన్ తగ్గింది, మళ్ళీ గుండెపోటు రావడంలో, చావుల్లో మాత్రం తేడా లేదు.

బాధ తగ్గడం తక్కువ విషయమా? నాకైతే కాదు. కానీ 1989 వార్త పట్టుకుని ఈ రోజుకీ కాన్సర్ పేషెంట్లతో "పాజిటివ్‌గా ఉండు, తగ్గిపోతుంది" అంటారు చూడండి, ఆ మాట వెనక "తగ్గకపోతే నువ్వు సరిగ్గా పాజిటివ్‌గా లేవన్నమాట" అనే కత్తి దాగి ఉంటుంది. కీమో తీసుకుంటూ ఏడుపొస్తే ఏడవడానికి కూడా భయపడేవాళ్ళని చూశా. ఏడిస్తే కణితి పెరగదు. కాన్సర్‌కి అసలు ట్రీట్‌మెంట్ మానేసి ప్రత్యామ్నాయ వైద్యం మాత్రమే ఎంచుకున్న 281 మందిని పరిశీలిస్తే చనిపోయే రిస్క్ రెండున్నర రెట్లని 2018లో తేలింది, కాబట్టి ఇది మాటల పట్టింపు మాత్రమే కాదు.

ఈ చికిత్సలకి సైడ్ ఎఫెక్ట్స్ ఉండవనేది ఇంకో అపోహ. పెద్ద ప్రమాదం జరిగిన వెంటనే అందర్నీ కూర్చోబెట్టి ఒక్క సెషన్‌లో జరిగిందంతా చెప్పించేస్తే తర్వాత మానసిక సమస్యలు రావని చాలా ఏళ్ళు నమ్మారు, స్టడీలు చూస్తే ఉపయోగం లేదు సరికదా కొంతమందికి ఇంకా ఎక్కువైంది. పచ్చిగా ఉన్న పుండుని కెలికినట్టు. గంటల తరబడి మౌనంగా ధ్యానం చేసే శిబిరాల్లో కొందరికి పాత గాయాలన్నీ ఒక్కసారిగా పైకి తన్నుకొస్తాయి, భయం, నిద్రపట్టకపోవడం, నేను నేను కాదన్నట్టు అనిపించడం కూడా జరుగుతాయి. సైకోసిస్ (ఏది నిజమో ఏది భ్రమో తెలియని స్థితి) వచ్చిన చరిత్ర ఉన్నవాళ్ళు వాళ్ళ సైకియాట్రిస్ట్‌ని అడక్కుండా అలాంటి చోట్లకి వెళ్ళకపోవడమే మంచిది. ఇంకో ముఖ్యమైన సంగతి, థెరపీతో బాగుంది కదా అని డిప్రెషన్ మందులో బీపీ మందులో ఎవర్నీ అడక్కుండా టక్కున ఆపేయొద్దు, కొన్ని మందులు నెమ్మదిగా దింపాలి. చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తుంటే ఊపిరి ఎక్సర్‌సైజులు, డైరీలు తర్వాత, ముందు మనిషి సాయం, ఆ రోజే.

సరే, వెళ్దామనుకున్నారు, ఎవరి దగ్గరికి? సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టర్, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ థెరపీ చేస్తారు, మామూలుగా మందులు రాయరు. కోచ్, హీలర్ అని పెట్టుకోవడానికి చాలాచోట్ల ఏ చదువూ అక్కర్లేదు. నేను మొదట వెళ్ళిన ఒకాయన, పేరు వద్దులెండి, మూడు సెషన్లూ తన జీవితకథే చెప్పాడు, ఫీజు మాత్రం నాదే. అప్పటినుంచి మొదటి రోజే అడిగేస్తున్నా: నా సమస్యకి మీరు వాడే పద్ధతి పేరేంటి, అది ఎక్కడ పట్టుకుని పనిచేస్తుంది, ఇంటి దగ్గర నేనేం చెయ్యాలి, సుమారు ఎన్ని సెషన్లు (సీబీటీ అయితే చాలా సమస్యలకి ఆరు నుంచి ఇరవై లోపు), తగ్గుతోందని ఎలా కొలుద్దాం, ఎన్నాళ్ళలోగా తగ్గకపోతే ఏం మారుద్దాం. పని తెలిసినవాళ్ళు ఈ చివరి ప్రశ్నకి ఏమీ నొచ్చుకోరు, ఆరు వారాల్లో మార్పు లేకపోతే ఇది మానేసి ఇంకోటి చూద్దాం అని అక్కడికక్కడే చెప్పేస్తారు. "మీకు నమ్మకం చాలట్లేదు" అన్నారనుకోండి, చెప్పులేసుకుని వచ్చెయ్యండి.